లెవెల్ ఫోర్ చేతికి స్క్రూడ్రైవర్

ఒక పనికి ఒక్క మనిషినే పెడితే ఆ పని అయిపోయే ప్రమాదం ఉంది!

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను. పని కాస్తా అయిపోతే తర్వాత మనుషులేం చెయ్యాలి? మీటింగులు దేని మీద పెట్టుకోవాలి? అందుకే ఏ పనికైనా చేసేవాడొకడు, చూసేవాళ్ళు అయిదుగురు ఉండాలన్నది నా గట్టి నమ్మకం. ఈ సత్యాన్ని అందరికంటే ముందు కనిపెట్టిన ఘనత టెలికాం కంపెనీలది. మా అక్క అందులో ఇంజనీరు కాబట్టి, ఇంట్లో కూర్చుని కాలమ్ రాసుకునే నాకు ఈ జ్ఞానం ఉచితంగా అబ్బింది.

అక్క కంపెనీలో ఇంజనీర్లకి ఆరు లెవెల్స్. లెవెల్ వన్ నిచ్చెనెక్కి లైను బాగుచెయ్యాలి. లెవెల్ టూ, నిచ్చెన ఎక్కారా లేదా అని చూడాలి. లెవెల్ త్రీ, చూశావా అని లెవెల్ టూని అడగాలి. లెవెల్ ఫోర్ నిచ్చెనకి అనుమతి ఇవ్వాలి. లెవెల్ ఫైవ్ ఆ నిచ్చెన గురించి రంగురంగుల ప్రెజెంటేషన్ తయారుచెయ్యాలి. లెవెల్ సిక్స్ దాన్ని చివరిదాకా ఓపిగ్గా చూసి, "అసలు మనకి నిచ్చెన ఎందుకు?" అని అడగాలి. ఎంత లోతైన ప్రశ్నండీ!

ఇది కాక ఆఫీసు గోడకి ఓ పెద్ద చార్టు. ప్రతి పనికీ అందులో నాలుగు గళ్ళు. పని ఎవరు చెయ్యాలి, తేడా వస్తే ఎవరు జవాబు చెప్పాలి, ముందుగా ఎవరిని అడగాలి, ఎవరికి చెబితే సరిపోతుంది. ఆ నాలుగో గడిలో పేరు పడాలంటే పెట్టి పుట్టాలి. చెప్పింది విని "ఓకే, నోటెడ్" అంటే చాలు, డ్యూటీ అయిపోయినట్టే. ఆ గడిలో చోటు కోసం జరిగే తోపులాట సిటీ బస్సులో కూడా ఉండదు. మొదటి గడి మాత్రం గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చేలా ఖాళీగా ఉంటుంది.

ఇక మా అక్క సంగతి. వెంట్రుకంత సన్నటి గాజు పోగులు రెండు తీసుకుని, కొసలు శుభ్రంగా తుడిచి, ఓ చిన్న మెషీన్‌లో పెట్టి అతికించడం అక్క మొదటి ఉద్యోగం. మన ఫోన్లూ ఇంటర్నెట్టూ నడిచేది ఆ పోగుల్లోంచే. అక్క అతికిస్తే అతుకెక్కడుందో కాసేపయ్యాక అక్కకే తెలిసేది కాదు. అంత బాగా చేస్తుంటే కంపెనీ చూస్తూ ఊరుకుంటుందా? ప్రమోషన్ ఇచ్చేసింది! లెవెల్ టూలోనూ బాగా చేసింది. లెవెల్ త్రీ ఇచ్చారు. అక్కడా వంక పెట్టడానికి ఏమీ దొరక్కపోయేసరికి లెవెల్ ఫోర్ చేసి కూర్చోబెట్టారు. లెవెల్ వన్ దాటినవాళ్ళు టూల్స్ ముట్టుకోకూడదని రూలు. ముట్టుకుంటే మెమో.

మెషీన్ చేతిలోంచి పోయాక అక్క పడిన అవస్థ మా ఇంట్లో వస్తువులకి తెలుసు. పగలంతా కాల్స్‌లో "అందరికీ నా స్క్రీన్ కనపడుతోందా?" అని అడిగి అడిగి, ఇంటికొచ్చి బాగానే ఉన్న మిక్సీ విప్పేది. ఖంగుమని మోగే డోర్‌బెల్ విప్పేది. బావ భయపడి స్క్రూడ్రైవర్లన్నీ పప్పుల డబ్బా అడుగున దాచేశాడు. అక్క గరిటె కాడతో ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పింది.

"జీతం పెరిగింది, ఏసీ గదిలో కూర్చోబెట్టారు. ఇంకేం కావాలే నీకు?" అంది అమ్మ.

"సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఇవాళ నేనేం చేశానని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తుకు రావట్లేదమ్మా," అంది అక్క, తన చేతులు చూసుకుంటూ.

నాకు చాలా బాధేసింది. కానీ లెవెల్స్‌ని సమర్థిస్తూ కాలమ్ రాసేవాడు అలా బాధపడకూడదు. ముందుకు పోదాం.

మొన్నామధ్య ఓ పొద్దున సామాన్ల వ్యాన్ ఒకటి వెనక్కి వస్తూ మా వీధి మలుపులో ఉన్న కేబుల్ పెట్టెని గుద్దేసింది. లోపల పోగులు తెగిపోయి వీధి మొత్తానికి ఫోన్లు మూగబోయాయి. అప్పుడు చూడాలి వ్యవస్థ అందం! బావ పక్క వీధికి వెళ్ళి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి కంప్లైంట్ ఇచ్చాడు. అది లెవెల్ టూ దగ్గర ఓ పూట సేదదీరి, లెవెల్ త్రీ దగ్గర ఓ కునుకు తీసి, అనుమతి కోసం తిన్నగా మా అక్క దగ్గరికే వచ్చింది. మా ఇంటి లైను బాగుచెయ్యడానికి మా ఇంటి మనిషే అనుమతి ఇవ్వాలి! ఇంతకంటే సౌకర్యం ఎక్కడైనా ఉందా?

ఆ వారం ఇంటి నుంచే పనిచేస్తున్న అక్క పక్క వీధికి పరిగెత్తి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి అనుమతి ఇచ్చింది. లెవెల్ ఫైవ్ దాన్ని చదివి, "లెవెల్ ఫోర్ వారి అభిప్రాయం జతచేయగలరు" అని వెనక్కి పంపాడు. అక్క మళ్ళీ పరిగెత్తింది. మిగతా రోజంతా రెండు వీధుల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

మా అమ్మకి పొద్దున్నే పెద్దమ్మతో ఫోన్లో మాట్లాడితే గానీ కాఫీ గొంతు దిగదు. రెండోనాటికి ఆవిడ ఓపిక నశించింది.

"ఆ పెట్టె మన గుమ్మంలోంచే కనపడుతోంది కదే. వెళ్ళి బాగుచేసి రా!"

"నేను ముట్టుకోకూడదమ్మా. నేను మేనేజర్ని."

"అంటే?"

"అంటే... ముట్టుకునేవాళ్ళని పంపించాలి."

"పంపించు మరి! ఎవరొద్దన్నారు?"

అక్క గుమ్మంలోంచి పెట్టె వైపు చూసింది. "ఈ ఏరియాకి ఉన్నది ఒక్కడే లెవెల్ వన్. బాగా చేస్తున్నాడని పోయిన నెలే ప్రమోషన్ ఇచ్చేశామమ్మా."

అమ్మ అక్కని ఎగాదిగా చూసింది. "ఇంకా నయం, మీ కంపెనీ మన వంటింట్లోకి రాలేదు. బాగా వండుతున్నానని నన్ను పొయ్యి దగ్గర్నుంచి లేపేసేవాళ్ళు!"

ఇంతలో అవతల మా పెద్దమ్మ ఊరుకుంటుందా? "మా చెల్లెలు రెండు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు, మీరే ఏదో చేశారు" అని కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి చెవిలో జోరీగలా రొద పెట్టింది. ఆ దెబ్బకి మధ్యాహ్నానికల్లా లెవెల్స్ అన్నీ కదిలి మా వీధికి వచ్చాయి. లెవెల్ టూ ఫోటోలు తీశాడు. లెవెల్ త్రీ ఆ ఫోటోలు చూశాడు. లెవెల్ ఫైవ్ కారు డిక్కీలో అతికించే మెషీన్ కూడా ఉంది. ఖరీదైన సామాను కాబట్టి పెద్దవాళ్ళ దగ్గరే ఉండాలట. లెవెల్ సిక్స్ పెద్దసారు పెట్టె చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "ఇది ఇక్కడే ఎందుకుంది?" అన్నారు.

మెషీన్ ఉంది. తెగిన పోగులున్నాయి. నిండుగా ఇంజనీర్లున్నారు. చేసేవాళ్ళే లేరు. కాబట్టి అందరూ నడిరోడ్డు మీద గుండ్రంగా నిలబడి మీటింగ్ మొదలెట్టారు. అమ్మ ఇంట్లోంచి కుర్చీలు కూడా పంపింది.

అక్క కుర్చీలో కూర్చోలేదు. చేతి వాచీ విప్పి నాకిచ్చింది. డిక్కీలోంచి మెషీన్ తెచ్చుకుని, పెట్టె ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మేడమ్, వద్దు! మీరు లెవెల్ ఫోర్!" అని లెవెల్ త్రీ లబోదిబోమన్నాడు.

"తెలుసండీ," అంది అక్క, తల ఎత్తకుండా. మొదటి పోగు అతుక్కుంది. అక్క మొహం విప్పారింది. ఆ మొహం చూసి మా ఇంట్లో చాలా కాలమైంది.

లెవెల్ ఫైవ్ మెల్లగా వంగి చూశాడు. "అబ్బ, ఎంత బాగా కుదిరిందమ్మా! నేను చేసే రోజుల్లో..." అంటూ ఆగిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అక్కడున్నవాళ్ళంతా ఒకప్పుడు బాగా చేసి పైకి పోయినవాళ్ళేనని! పెద్దసారు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, కోటు తీసి మా బావ భుజం మీద వేశారు.

"ఏమ్మా, ఒక్కటి నన్ను వెయ్యనిస్తావా?"

ఇక చూస్కోండి! లెవెల్స్ అన్నీ చొక్కా చేతులు మడిచి క్యూ కట్టాయి. పెద్దసారు తన వంతు కాకుండా రెండోది కూడా వేసేశారని లెవెల్ త్రీ అలిగాడు. అమ్మ అందరికీ కాఫీలిచ్చింది. చీకటి పడకముందే వీధిలో ఇంటింటా ఫోన్లు మోగాయి. అన్నిటికంటే ముందు వచ్చింది మా పెద్దమ్మ ఫోనే.

అయితే రూలు రూలే కదా. మర్నాడు ఆఫీసులో చార్టు నింపాల్సి వచ్చింది. ముందురోజు చొక్కా చేతులు మడిచినవాళ్ళంతా బుద్ధిగా నాలుగో గడిలో దూరి, "మాకు చెప్పారంతే" అన్నారు. అక్క ఒక్కతే మొదటి గడిలో తన పేరు రాసుకుంది. టూల్ ముట్టుకున్న నేరానికి, జీతం తగ్గించి మరీ లెవెల్ వన్‌కి దింపేశారు.

ఆ మెమో పట్టుకుని అక్క ఇంట్లో చిన్నపిల్లలా గెంతింది! బావ పప్పుల డబ్బా బోర్లించి స్క్రూడ్రైవర్లన్నీ తిరిగి ఇచ్చేశాడు. అమ్మ పెద్దమ్మకి ఫోన్ చేసి, "మా పిల్లకి డిమోషన్ వచ్చిందక్కా!" అని వీధంతా వినపడేలా చెప్పింది.

చూశారా మరి లెవెల్స్ గొప్పతనం? అన్ని మెట్లు కట్టబట్టే కదా, మా అక్కకి దిగడానికి చోటు దొరికింది!

అంతా బాగానే ఉంది. ఆ బాగుండటమే ఇప్పుడు నా ప్రాణం మీదికొచ్చింది. అప్పట్నుంచి మా ఏరియాలో ఒక్క లైనూ పోలేదు, ఒక్క కంప్లైంటూ లేదు. నిన్న లెవెల్ ఫైవ్ మా వీధికొచ్చి, పెట్టె తెరిచి చూసి, నా భుజం తట్టాడు. "మీ అక్క అద్భుతంగా చేస్తోందయ్యా! మేం చూస్తూ ఊరుకోం," అన్నాడు. బావ మళ్ళీ పప్పుల డబ్బా వైపు చూస్తున్నాడు.

అందుకే ఈ కాలమ్. పాఠకులారా, మీకు పుణ్యముంటుంది. మా ఏరియాలో ఉన్నవాళ్ళెవరైనా సరే, వెంటనే కంపెనీకి ఫోన్ చేసి మా అక్క మీద ఓ కంప్లైంట్ ఇవ్వండి. పని రాదనండి, ఆలస్యం చేస్తుందనండి, మీకు తోచిన అబద్ధం ఆడండి. కంప్లైంట్ ఇవ్వడానికి చేసిన ఆ ఫోన్ ఎంత చక్కగా కలిసిందో మాత్రం పొరపాటున కూడా వాళ్ళకి చెప్పకండి!