ఫొటోదేముంది, వివరాలు ముఖ్యం

ఫొటో తియ్యడం ఏ కోతికైనా వచ్చు. ఆ ఫొటో ఏ రోజున, ఏ కెమెరాతో, ఈ భూమ్మీద ఏ మూల నిలబడి తీశారో దాని కడుపులోనే భద్రంగా దాచడం మాత్రం మనిషి జన్మ ఎత్తినవాడికే చెల్లింది. ఆ వివరాలనే మెటాడేటా అంటారు. అది లేని ఫొటో ఊరూ పేరూ చెప్పని చుట్టం లాంటిది. గుమ్మం దాటి లోపలికి రానిస్తామా?

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదు. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, ప్రసాదించారు. బీమా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. ఎదురుగా ఉన్నప్పుడు 'అన్నయ్యగారు' అంటాం, చాటున 'వివరాలగారు' అంటాం. రిటైరవగానే ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్ ఒకటి వేయించుకుని, చుట్టాలందరి ఫోన్లూ అడిగి పుచ్చుకుని, వాటిలో ఉన్న ఫొటోలన్నీ తన కంప్యూటర్లోకి తోడేసుకున్నారు. "అన్నీ ఒకచోట ఉంటే పదికాలాలపాటు ఉంటాయి. మీ ఫోన్లకి ఎందుకండీ ఈ బరువు" అని ఎవరి ఫోన్లో ఉన్నవి వాళ్ల ఫోన్లోంచి చెరిపేశారు కూడా. ఎంత బాధ్యత!

కిటికీ పక్కన బల్ల, బల్ల మీద రెండు స్క్రీన్లు. పొద్దున్న కాఫీ తాగి కూర్చుంటే భోజనానికి వదినగారు మూడుసార్లు పిలవాలి. ప్రతి ఫొటోకీ మాటలు తగిలిస్తారు. 'మనుషులు' అన్న మాట కింద 'చుట్టాలు'. చుట్టాల కింద 'అత్తవైపు'. అత్తవైపు కింద 'మాట్లాడేవాళ్లు', 'మాట్లాడనివాళ్లు'. మా ఆవిడ పిన్నిగారికీ ఆవిడ ఆడపడుచుకీ మాట పట్టింపు వచ్చినప్పుడల్లా ఆ ఆడపడుచు ఫొటోలన్నీ ఒక అరలోంచి ఇంకో అరలోకి మారాలి. వాళ్లు రాజీపడితే మళ్లీ వెనక్కి రావాలి. ఇంత అప్రమత్తంగా చుట్టరికాలు కనిపెట్టుకుని ఉండే మనిషి ఇంకెక్కడైనా ఉన్నాడా?

నన్ను 'ఇతరములు'లో పెట్టారు. ఎందుకని అడిగాను.

"మీకు సరిపడే మాట ఇంకా దొరకలేదండీ" అన్నారు, నిజంగానే బాధపడుతూ.

మాటలే కాదు, ఫొటోలకి చుక్కలు కూడా ఇస్తారు. బాగుంటే ఐదు, బాగోకపోతే ఒకటి. "ఈయన నా మొహం చూసి మాట్లాడి ఎన్నాళ్లయిందో" అంది మా వదినగారు ఓసారి. "దానికి మూడు చుక్కలైతే ఇచ్చారు."

మరి ఈ ఫొటోలు చూసేదెప్పుడు అని మీరు అడగొచ్చు. అడక్కండి. మేమూ మొదట్లో అడిగేవాళ్లం. "ఇంకా సర్దడం అవలేదు" అనేవారు. నిజమే కదా! ఇల్లు తుడుస్తుంటే తడినేల మీద నడుస్తామా?

ఇలా ఉండగా ఒక ఆదివారం మా అత్తగారు వాళ్లింటికి వచ్చారు. మా ఆవిడా నేనూ వెంట ఉన్నాం. మామగారు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడిగింది లేదు. ఆ రోజు మాత్రం బల్ల దగ్గర నిలబడి, "మీ మామగారు గొడుగు పట్టుకున్న ఫొటో ఒకటుండాలి బాబూ. ఓసారి చూపిస్తారా?" అన్నారు.

వివరాలగారి మొహం వెలిగిపోయింది. పాపం, ఇన్నాళ్లకి ఒకరు వచ్చి ఫొటో కావాలన్నారు. ఆవిడకి కుర్చీ వేసి, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు.

"ఏ సంవత్సరం, అత్తయ్యగారూ?"

"వాన పడుతోంది."

"వాన సరేనండీ. ఏ నెల?"

"ఏమో బాబూ. ఆస్పత్రి నుంచి వచ్చి బస్సు దిగాం. చిన్నమ్మాయి తన ఫోన్లో తీసింది."

చిన్నమ్మాయి అంటే మా ఆవిడ. ఆయన ఇంకేమీ అడగలేదు. మామగారు, గొడుగు, వర్షం అని మూడు మాటలు కొట్టారు. కన్ను మూసి తెరిచేలోగా దొరికింది. సాఫ్ట్‌వేర్ గొప్పతనం అంటే అదీ!

దొరికిన చోట బూడిదరంగు గడి ఒకటి, దాని మూల ప్రశ్నార్థకం.

ఆయన మళ్లీ నొక్కారు. ఇంకోసారి నొక్కారు. తర్వాత గొంతు తగ్గించి, "ఇది మసగ్గా ఉందండీ, మొహం సరిగ్గా రాలేదు. ఒక చుక్క ఇచ్చాను. డిస్కు నిండిపోతే ఒక చుక్కవన్నీ తీసేశాను" అన్నారు.

మా ఆవిడ తన ఫోను వంక చూసుకుంది. అందులోదీ ఆయన చెరిపిందే.

అయితే పాఠకులారా, కంగారు పడకండి. వివరాలు ఎక్కడికీ పోలేదు! ఈ సాఫ్ట్‌వేర్‌లో ఫొటో వేరు, దాని వివరాలు రాసిన చిన్న ఫైలు వేరు. దానికి బరువు లేదు గనక ఆయన దాన్ని ఉంచారు. ఎద్దు పోతే పోయింది, పలుపుతాడు పదిలంగా ఉంది. ఏం చెయ్యాలో తోచక ఆయన దాన్నే పైకి చదివారు. తేదీ. వేళ. ఆ బస్టాండు భూమ్మీద ఎక్కడుందో చెప్పే అంకెలు. ఫ్లాష్ వెయ్యలేదు. లేని ఫొటో గురించి ఇంత సమగ్రమైన సమాచారం మీలో ఎవరి దగ్గరుంది చెప్పండి?

అత్తగారు చివరిదాకా విన్నారు.

"అందులో నేనున్నానా?" అని అడిగారు.

ఆయన చూశారు. "లేరండీ. మామగారొక్కరే."

"ఉన్నాను. నా మోచెయ్యి పడింది" అన్నారావిడ. "కంటికి కట్టు కట్టారు నాకు. తడవకూడదన్నారు. గొడుగంతా నా మీదకే వంచి తను తడిసి ముద్దయ్యారు. గొడుగు కిందికి రండి అంటే, 'వాన నాకేమన్నా కొత్తా' అని నవ్వారు. మసగ్గా ఉందన్నారే, అది ఫోను మీద పడ్డ చినుకు బాబూ."

"తుడుద్దామనుకునేలోగా నవ్వేశారు నాన్న" అంది మా ఆవిడ. "అలాగే నొక్కేశాను."

వివరాలగారి చెయ్యి అలవాటు కొద్దీ కీబోర్డు మీదకి వెళ్లింది.

"రాసుకోకండి. వినండి" అన్నారు అత్తగారు.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "తప్పయిపోయింది, అత్తయ్యగారూ" అన్నారు.

"అవును" అన్నారావిడ. పరవాలేదని మాత్రం అనలేదు. ఆ ఆస్పత్రి సంగతి, మామగారు దారంతా మందుల చీటీ జేబులో ఉందో లేదో తడుముకున్న సంగతి చెప్పుకుంటూ పోయారు. వంటింట్లోంచి వదినగారు కూడా వచ్చి నిలబడింది.

ఇది జరిగి చాలా రోజులైంది. అప్పట్నుంచీ మా అత్తగారు తరచూ వాళ్లింటికి వెళ్తున్నారు. ఇక్కడే నాకు దిగులు. మిగిలిన ఫొటోలు ఒక్కొక్కటే తెరిచి ఆవిడకి చూపిస్తున్నారట ఆయన. ఆవిడ ప్రతిదాని దగ్గరా ఆగిపోతారు. ఈయన మాటలు తగిలించడం మానేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటూ కూర్చుంటారు. సర్దుడు అక్కడికక్కడే నిలిచిపోయింది. ఇంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొని ఇదా చేసేది? పద్ధతి ఏమైపోవాలి?

నిన్న మళ్లీ వెళ్లాను. నేను వెళ్లేసరికి ఇద్దరూ ఒక ఫొటో ముందు కూర్చుని ఉన్నారు. టీ తాగి, వదినగారితో కబుర్లాడి, చెప్పులేసుకుంటూ లోపలికి తొంగి చూశాను. ఇంకా అదే ఫొటో.