పితికిపప్పు లేని పితికిపప్పు వీడియో

శనివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టకముందే ఉదయలక్ష్మి ఆ రోజు పని మొత్తం నిర్ణయించేసింది. ఎండ ముదరకముందే పితికిపప్పు కూర వండుతూ వీడియో తీయాలి. భోజనాలకు ముందే దాన్ని కత్తిరించి, అతికించి, తన బ్లాగులో పెట్టేయాలి. సాయంత్రం నిమ్మళంగా కూర్చుని, ఆ దొంగ ఏం చేస్తాడో చూడాలి.

ఉదయలక్ష్మి పుత్తూరు బడిలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆ వెంటనే ‘ఉదయ వంటిల్లు’ అని బ్లాగు మొదలుపెట్టి చిత్తూరు జిల్లా వంటలు రాస్తోంది. ఉప్పెంతో, పులుపెంతో రాసి ఊరుకోదు. ఆ కూర ఇంట్లో ఎవరికి పడదో, ఎవరు అలిగి కూడా రెండోసారి వడ్డించుకున్నారో అదీ రాస్తుంది. చదివేవాళ్లు తక్కువే గాని, చదివినవాళ్లు వండుకునేవాళ్లు. ఆమెకు అది చాలు.

ఆ తృప్తి కాస్తా పోయిన వారం పక్కింటి గ్రేసీ వల్ల పోయింది. గ్రేసీ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. ఫోన్ పట్టుకుని వచ్చి, “టీచరమ్మా, ఈ చానల్ నేను రోజూ సూస్తాను. ఇందులో సెప్పేది అచ్చం మీ మాట మాదిరే ఉండాదే!” అని వినిపించింది. ‘రుచుల ఖజానా’ అనే ఆ చానల్లో మనిషి కనిపించడు. ఎక్కడివో బొమ్మలు కదులుతుంటాయి, వెనకాల కంప్యూటర్ పుట్టించిన మగగొంతు చదువుతుంటుంది. ఆ రోజు ఆ గొంతు ఉలవచారు గురించి చెబుతూ, మహా గంభీరంగా, “మా ఆయనకు పులుపు ఎక్కువైతే పడదు. పెళ్లయిన కొత్తలో ఈ చారు పోసినందుకు రెండు రోజులు అలిగాడు” అన్నది.

ఉదయలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. అది ఆమె పెళ్లి, ఆమె చారు, ఆమె మొగుడి అలక. వెతికి చూస్తే బ్లాగులో ఉన్న వంటలన్నీ అక్కడున్నాయి. ఆమె పొరపాటున ‘ఆవాలు’ అని రెండుసార్లు టైపు చేసినచోట ఆ గొంతు కూడా ‘ఆవాలు ఆవాలు’ అని భక్తిగా చదివింది. ఈమె ఇక్కడ పెట్టడం, ఎవడో అక్కడ కూర్చోబెట్టిన యంత్రం కాసేపటికే దాన్ని ఎత్తుకుపోవడం. ‘ఇది నాది, తీసెయ్యండి’ అని ఆమె తన ఫోన్ నంబరుతో సహా ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు.

“రాత అయితే ఎత్తుకపోతాడు. నా మొగం, నా గొంతు ఉంటే యాడికి ఎత్తుకపోతాడో నేనూ సూస్తా” అని వీడియోకు సిద్ధమైంది.

ఆమె భర్త ఢిల్లీబాబు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఈ వారం రోజులూ వీడియోలు తీయడం ఎలాగో నేర్పే వీడియోలు చూసి, ఆ విద్య అంతా వంటబట్టిందని నమ్ముతున్నాడు. ఫోన్ స్టాండు, గుండ్రటి లైటు, చీరకు తగిలించే మైకు తెప్పించాడు. లైటు వేస్తే ఆమె కళ్లజోడులో రెండు చందమామలు కనిపించాయి. కళ్లజోడు తీస్తే ఆమెకు పోపుడబ్బా కనిపించలేదు. చివరికి లైటును తీసుకెళ్లి గోడవైపు తిప్పారు.

“ఇప్పుడు విను ఉదయా,” అన్నాడు ఢిల్లీబాబు. “మధ్యలో ఆపేది లేదు. ఒకే ఊపులో తీసేద్దాం. తప్పు పలికినా, వేరే మాట వచ్చినా, ఆ మాటకు ముందొకసారి, తర్వాత ఒకసారి సప్పట్లు కొట్టు. ఎడిటింగులో ఆ సప్పుడు గీత మాదిరి పైకి లేసి కనిపిస్తాది. ఆ రెండు గీతల మధ్యది నేను కత్తిరించేస్తా.”

“మాట రాకముందే అది తప్పుమాటని నాకెట్ల తెలుస్తాదయ్యా?”

“నీకు కోపం వచ్చేది నీకు తెలీదా?” అని, ఆయన ఫోన్ మీద వేలు పెట్టి, “రైట్!” అన్నాడు. మొదలుపెట్టడానికి ఆయనకు తెలిసిన మాట అదొక్కటే.

ఉదయలక్ష్మి నమస్కారం పెట్టి, అనపగింజలు ఎలా నానబెట్టాలో, నానిన గింజను రెండు వేళ్ల మధ్య పట్టి తొక్కలోంచి పప్పును ఎలా పితకాలో చక్కగా, పాఠం చెప్పినట్టు చెప్పసాగింది. సరిగ్గా మసాలా నూరే ఘట్టంలో పక్కింట్లో మిక్సీ మొదలైంది. ఉదయలక్ష్మి ఫట్మని చప్పట్లు కొట్టింది. “ఈ గ్రేసీకి ఇదే టైము దొరికిందా! అది మిక్సీనా, కంకర కొట్టే మిషనా? దాన్ని తీసకపోయి స్వర్ణముఖి ఏట్లో పారేస్తే ఈదంతా సుఖపడతాది!” మళ్లీ ఫట్.

కూర ఉడుకు పట్టేసరికి ఉదయలక్ష్మి ఫోన్ మోగింది. వడమాలపేట నుంచి ఢిల్లీబాబు అక్క కుప్పమ్మ. పితికిపప్పు వీడియో సంగతి తమ్ముడి నోట విని, కొబ్బరి ఎక్కువ వేయొద్దనీ, ఈ కూర నేర్పింది తానేనని గట్టిగా చెప్పమనీ హెచ్చరించింది. “అట్లే వదినా, అట్లే” అని ఫోన్ పెట్టేసి, ఉదయలక్ష్మి ఫట్మనిపించింది. “పితికిపప్పు కనిపెట్టింది ఈమేనంట! ఈమె కూర ఒకసారి తిన్నోళ్లు మళ్లా వడమాలపేట బస్సెక్కుతారా?” ఫట్.

ఇక దించబోతూ, ‘మా ఆయనకు ఇది రాగిసంగటిలోకి ఉండాల’ అన్న మాట నోట్లోంచి వచ్చిందో లేదో, ఉలవచారు దొంగతనం గుర్తొచ్చింది. ఫట్. గరిటె పట్టుకుని తిన్నగా కెమెరాలోకి చూసింది. “ఒరే దొంగసచ్చినోడా! నా రాతలన్నీ ఎత్తుకపోయి బతకతా ఉండావే, ఇదో నా మొగం, ఇదో నా గొంతు, దమ్ముంటే ఎత్తుకపోరా! ఉదయ వంటిల్లు నాది, ఈ ఉదయలక్ష్మిది! మొగగొంతుతో ‘మా ఆయన, మా ఆయన’ అంటావు గదా, ఎవుర్రా మీ ఆయన?” ఫట్.

“హోల్డాన్!” అన్నాడు ఢిల్లీబాబు తృప్తిగా.

ఎడిటింగుకు కూర్చున్నప్పుడు ఆయన పని శ్రద్ధగానే చేశాడు. చప్పట్ల గీతలు వెతికి, తిట్టు ముక్కలన్నింటినీ ఒక్కటి కూడా వదలకుండా ఎంచి పక్కన పెట్టాడు. అప్పుడు ఆ యాప్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఎంచిన ముక్కలను ఉంచాలా, తీసేయాలా అని అడుగుతోందని ఆయన గ్రహించాడు గాని, రెండు బటన్లలో ఏది ఏదో గ్రహించలేదు. లోపల్నుంచి “సంగటి సల్లారిపోతా ఉండాది!” అని పిలుపు వచ్చింది. ఆయన ఒకటి నొక్కాడు. తయారైన వీడియోను మళ్లీ చూడకుండానే ‘అసలైన పితికిపప్పు, ఏదీ దాచకుండా’ అని పేరు రాసి, బ్లాగులో అతికించి, బంధువుల గ్రూపులోనూ వీధివాళ్ల గ్రూపులోనూ వేసి, చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. భోజనం దివ్యంగా ఉంది. ఇద్దరూ కునుకు తీశారు.

తలుపు చప్పుడుకు ఉదయలక్ష్మి లేచి చూస్తే గుమ్మంలో గ్రేసీ, రెండు చేతులా మిక్సీ.

“పట్టండి టీచరమ్మా. మీ కాడే పెట్టుకోండి.”

ఉదయలక్ష్మి మనసు కరిగిపోయింది. “అయ్యో, ఎంత మంచిదానివి తల్లీ! వీడియోల కోసమా? నాకు ఉండాది గదా!”

“వీడియోల కోసమేనండీ. మీరే పారేయండి. స్వర్ణముఖికి పొయ్యే దోవ నాకు తెలీదు” అని మిక్సీని అరుగు మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. స్వర్ణముఖి ఎందుకొచ్చిందో ఉదయలక్ష్మికి అర్థం కాలేదు. అంతలో కుప్పమ్మ ఫోన్.

“ఉదయా, ఇంకమీద ఎవురూ వడమాలపేట బస్సెక్కాల్సిన పన్లేదులే. నేనే వస్తా ఉండాను.”

“మోకాళ్లు నొస్తా ఉంటే నీకెందుకు వదినా శ్రమ?”

“నొప్పి మోకాళ్లలో లేదు!” ఫోన్ కట్టయింది.

అప్పటికి గానీ ఉదయలక్ష్మికి అనుమానం రాలేదు. బ్లాగు తెరిచి వీడియో చూసింది. అందులో అనపగింజలు లేవు. పితకడం లేదు. కూర లేదు. నమస్కారం కూడా లేదు. గ్రేసీ మిక్సీతో మొదలై, కుప్పమ్మ చేతివంట మీదుగా, ‘ఎవుర్రా మీ ఆయన’ దగ్గర ముగిసింది. బడిలో ఎన్నేళ్లు పనిచేసినా ఒక్క పిల్లవాణ్ని ‘ఒరే’ అని పిలిచి ఎరగని మనిషి, గరిటె ఝళిపిస్తూ ఊరందరికీ కనిపిస్తోంది.

“ఏమయ్యా! నేను కొట్టిన సప్పట్లు దేనికి?”

ఢిల్లీబాబు కూడా చూశాడు. “మంచి ముక్కలు పోయి సెడ్డ ముక్కలు మిగిలినట్టుండాయే!” అని, అదేదో బస్సులో ఎవరో మరిచిపోయిన సంచీ అయినట్టు ఆశ్చర్యపోయాడు.

“తియ్యి! ముందు తియ్యి దాన్ని!”

తీసెయ్యబోయిన కంగారులో ఆయన బ్లాగులోంచే బయటికొచ్చేసే బటన్ నొక్కాడు. మళ్లీ లోపలికి పోవాలంటే పాస్‌వర్డ్ కావాలి. ఉదయలక్ష్మి ఎప్పటిదో చెప్పింది. అది పనిచేయలేదు. దొంగ భయంతో పొద్దున్నే తాను దాన్ని మార్చానని ఢిల్లీబాబు మెల్లగా ఒప్పుకున్నాడు. ఏం పెట్టాడో గుర్తులేదు. తాను తిరిగిన రూట్లలో ఉన్న ఊళ్ల పేర్లన్నీ కొట్టి చూశాడు. రేణిగుంట దాటకముందే, ఇక రేపు రమ్మని తెర మూసుకుంది.

“మొగుడు సేసిన ఘనకార్యం ఇది! నా బ్లాగుకు నేనే పరాయిదాన్నయిపోతినే! తిట్టినదాన్ని నేను, అది నిజమే. తిట్టమని నన్ను అడిగినోళ్లు లేరు, అదీ నిజమే. సప్పట్లు కొట్టమని సెప్పింది ఎవురు?” అని ఆమె అడుగుతుండగానే వీధిలో ఆటో ఆగింది. కుప్పమ్మ క్యారియర్ చేత పట్టుకుని దిగింది. ఆటో చప్పుడుకు గ్రేసీ కూడా తన గుమ్మంలోకొచ్చి నిలబడింది.

“రే ఢిల్లీ, గిన్నెలు తే!” అన్నది కుప్పమ్మ. “పితికిపప్పు తెచ్చినాను. నీ పెండ్లాం తిని, ఈదిలో నిలబడి సెప్పాల. ఆ ఫోన్ కూడా ఆడ పెట్టు. లోకానికంతా సూపించు.”

“వదినా, అది కత్తిరించే ముక్క...”

“అంటే కత్తిరించేదాంట్లో నిజం, ఉంచేదాంట్లో అబద్ధం సెప్తావా?”

గ్రేసీ కూడా దిగి వచ్చింది. “నేను డ్యూటీకి పొయ్యేముందు పది నిమిషాలు మిక్సీ ఏస్తే కంకర మిషన్ అయిపోయిందా? మీకు బీపీ సూసేది ఎవురండీ రోజూ?” అంటుండగా ఆమె చేతిలో ఫోన్ టింగుమంది. అలవాటు కొద్దీ చూసింది. చూసి నోరు తెరిచింది.

“టీచరమ్మా... రుచుల ఖజానా.”

తెర మీద ముందుగా ఆ చానల్ గుర్తు బంగారు రంగులో తిరిగింది. ‘మా ప్రత్యేక వంటకం’ అని అక్షరాలు పడ్డాయి. ఆపైన చానల్ ముద్ర కింద మిక్సీ ముక్క, వడమాలపేట బస్సు ముక్క గడిచాక, ఉదయలక్ష్మి గరిటెతో ప్రత్యక్షమై, “ఒరే దొంగసచ్చినోడా! నా రాతలన్నీ ఎత్తుకపోయి బతకతా ఉండావే...” అన్నది. బ్లాగులో ఏది పెడితే అది ఎత్తుకుపొమ్మని ఆ దొంగ తన యంత్రానికి చెప్పి పెట్టాడు. ఏముందో చూడమని మాత్రం చెప్పలేదు. వినడానికి మనిషి అక్కడ లేడు.

ఆ చానల్ చూసేవాళ్లు పుత్తూరు, చిత్తూరు దాటి ఎక్కడెక్కడో ఉన్నారు. చూస్తుండగానే కింద కామెంట్లు పేరుకుపోయాయి. ‘ఎవరండీ ఈమె?’ ‘ఉదయ వంటిల్లు చూసొచ్చాను, అన్నీ అక్కడివే, ఆవాలు ఆవాలుతో సహా.’ ‘మగగొంతుకు మొగుడేమిటని నాకు ముందే అనుమానం.’ గ్రేసీ ఒక్కొక్కటే చదువుతుంటే, కుప్పమ్మ క్యారియర్ సంగతి మరిచిపోయి అరుగు మీద కూర్చుంది.

“ఇంకొకసారి ఎయ్యి గ్రేసీ, ఆ ‘ఎవుర్రా మీ ఆయన’ కాడ” అన్నది.

పొద్దు వాలుతుండగా ఉదయలక్ష్మికి కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పక్కవాళ్లకూ వినబడేలా పెట్టింది. మర్యాదగా ఉన్న మగగొంతు. ఈసారి యంత్రానిది కాదు.

“మేడమ్, రుచుల ఖజానా నుంచి మాట్లాడుతున్నాను. మీరు పెట్టిన వీడియో వల్ల మా చానల్‌కు చాలా చెడ్డపేరు వస్తోందండీ. ఇలాంటివి పెట్టేముందు మాకొక మాట చెప్పాలి కదా! మాకు ఆటోమేటిక్‌గా వచ్చేస్తాయి. పోనీ, తమాషాకు అన్నానని మీరు కింద రాసేస్తే...”

పొద్దుటి నుంచి ఎవరో ఒకరిని తిడుతూనే ఉన్న ఉదయలక్ష్మి, తీరా తిట్టవలసినవాడు చేతికి దొరికేసరికి తానూ మర్యాదగా “నమస్కారమండీ” అన్నది. దొంగతనం చేసినవాడు, దొంగిలించిన వస్తువు బాగాలేదని ఇంటివాళ్ల మీదికి వస్తాడని ఆమె ఏ పాఠంలోనూ చదవలేదు. కుప్పమ్మ ఆ ఫోన్ లాక్కుంది.

“ఒరే నాయనా, నేను ఆ యమ్మ ఆడబిడ్డను. ఆ యమ్మను అడిగే హక్కు నాకుండాది. నేనే ఈ పొద్దు అడగడానికి ఆటో కట్టుకుని వచ్చినాను. నువ్వెవుడ్రా మధ్యలో? ఆ యమ్మ రాసినవన్నీ తీసేస్తావా, వడమాలపేట ఆడోళ్లందరిసేత ఫోన్ సేయించాల్నా?”

చీకటి పడకముందే ఆ చానల్లోంచి ఉదయ వంటిల్లు వంటలన్నీ మాయమయ్యాయి. తెల్లారేసరికి వెతికితే చానలే దొరకలేదు. గ్రేసీ మిక్సీని తీసుకెళ్లింది. పొద్దున ఎన్ని గంటలకు వేస్తుందో మాత్రం చెప్పి మరీ తీసుకెళ్లింది. ఆదివారం రేణిగుంట దాటాక ఏదో ఊరి పేరుకు బ్లాగు తెరుచుకునేసరికి కొత్తగా చేరినవాళ్ల పేర్లు చూసి, వీళ్లందరి ముందూ తన పరువు దక్కాలంటే అసలు వీడియో పెట్టి తీరాలని ఉదయలక్ష్మి పట్టుబట్టింది.

ఢిల్లీబాబు ఈసారి పక్కన ఆమెను కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో మిగిలి ఉన్న మంచి ముక్కలన్నీ వరుసగా అతికించాడు. సోమవారం పొద్దున అది బ్లాగులోకి ఎక్కింది. నమస్కారం ఉంది, నానబెట్టడం ఉంది, పితకడం ఉంది, సన్నని సెగ మీద కుతకుతా ఉడికిన కూర ఉంది. ఒక్క కఠినమైన మాట లేదు. కొత్తగా చేరినవాళ్లలో చాలామంది సగంలో వెళ్లిపోయారు. కడప నుంచి ఒకాయన మాత్రం ఓపిగ్గా చివరిదాకా చూసి, అమ్మగారికి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.