ఏలియామ్మ ఇచ్చిన మాట

కేరళలోని పాలా ఊళ్లో ఆ ఆదివారం పొద్దున ఏలియామ్మకున్న పని ఒక్కటే. పదింటికి మనవరాలి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలబడి, ఫాదర్ అడిగినప్పుడు పిల్ల పేరు చెప్పాలి. చెప్పాల్సిన పేరు తనది కాదు, అదే ఆవిడ బాధ. తొలి ఆడపిల్లకు నాన్నమ్మ పేరు పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఆవిడకు ఆ పేరు వచ్చిందీ అలాగే. కానీ నెల కిందట కోడలు షెరిన్ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అమ్మచ్చీ, ఈ రోజుల్లో ఆ పేరెవరు పెడుతున్నారు? బళ్లో ముసలమ్మా అని ఏడిపిస్తారు. రియాన్నా అని పెడదాం."

ఏలియామ్మ కోడలి కళ్లు తుడిచింది. "సరేనమ్మా. దేవుడి మీద ఒట్టు, ఆ పేరే చెప్తాను."

ఆ ఆదివారం పొద్దున అప్పాలు తింటూ ఆవిడ బావగారు ఔసేప్పచ్చన్ ఊరుకోలేకపోయాడు. "ఒరే జిజో, రియాన్నా అంటే అర్థమేంట్రా?"

ఏలియామ్మ కొడుకు జిజో ఫోన్ తీశాడు. ఒకచోట ఒక అర్థం, ఇంకోచోట ఇంకొకటి. మూడోచోట కుక్కపిల్లలకు పెట్టదగ్గ పేర్లలో కనిపించింది. షెరిన్ ముఖం మాడిపోయింది.

"మరి ఏలియామ్మంటే?" అన్నాడు పెద్దాయన.

ఏలియామ్మ పైట సర్దుకుంది. "ఎలిజబెత్ పేరే మన నోట ఏలియామ్మ అయింది. యూదుల భాషలో 'దేవుడే నా ప్రమాణం' అని. మా నాన్నమ్మ ఏలియామ్మ పక్కింటివాళ్ల మేకను చూసుకుంటానని మాటిచ్చింది. పెద్ద వరదలో ఇల్లు మునిగితే మేకను అటకెక్కించి, తొమ్మిది రోజులు తన గంజిలో సగం దానికే పోసింది. ఈ పేరు ఊరికే మొయ్యలేదు మేం." అనేసి ఖాళీ గిన్నెతో వంటింట్లోకి వెళ్లిపోయింది.

షెరిన్ కళ్లు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. "ఇచ్చాయా, పిల్లకు అమ్మచ్చి పేరే పెడదాం. ఆవిడకు మాత్రం చెప్పొద్దు. చర్చిలో ఆశ్చర్యపోవాలి."

జిజో బేకరీకి పరిగెత్తి కేకు మీది పేరు గీకించి కొత్తది రాయించాడు. బ్యానర్ మీది పేరుకు ఔసేప్పచ్చన్ గేటుకు వేయగా మిగిలిన రంగు పూసి, పైన ఏలియామ్మ అని రాశాడు. చుట్టాల ఫోన్ గ్రూపులో ఎవరో ఆ సంగతి పెట్టేశారు. చర్చి చేరేసరికి రెండొందల మందికి తెలిసిన రహస్యం ఒక్క ఏలియామ్మకే తెలియదు. ఎవరైనా ఆవిడను అభినందించబోతే షెరిన్ దగ్గి, వాళ్లను పక్కకు లాక్కుపోయేది.

"బిడ్డ పేరేమిటి?" అన్నాడు ఫాదర్. చర్చి మొత్తం ముందుకు వంగింది.

"రియాన్నా," అంది ఏలియామ్మ ఖంగుమని.

"అయ్యో అమ్మచ్చీ, మీ పేరు చెప్పండి! నేనే మనసు మార్చుకున్నా. కేకు మీద కూడా అదే రాయించాం!"

నెలరోజులుగా దిగమింగుకున్న కోరిక ఏలియామ్మ నోటిదాకా వచ్చింది.

"తేల్చండమ్మా," అన్నాడు ఫాదర్, నీళ్ల చెంబు ఎత్తిపట్టుకుని.

"నీకిచ్చిన మాటైతే నువ్వు వదిలేస్తే పోయేది, షెరిన్. దేవుడి మీద ఒట్టేశాను. పేరులోనే ప్రమాణం పెట్టుకుని నేనే తప్పితే, ఇక ఆ పేరుకేం విలువ?" ఆవిడ తలెత్తింది. "రియాన్నా, ఫాదర్."

షెరిన్‌కు ఏడుపూ గర్వమూ ఒక్కసారే వచ్చాయి.

చర్చి రిజిస్టరులో రియాన్నా అని పడింది. కేకు మీదా, బ్యానర్ మీదా, రెండొందల ఫోన్లలోనూ ఏలియామ్మ అని ఉండిపోయింది. ఇంట్లోనూ వీధిలోనూ ఆ పేరే నిలిచింది. ఇవాళ్టికీ ఆ పిల్లను రియాన్నా అని పిలిచేది ఒక్క ఏలియామ్మే.