నాలుగు మూలలా పసుపు

శుక్రవారం పొద్దున వీరభద్రం గారు పెట్టుకున్న పని ఒక్కటే. ఫ్లాట్ బుష్ పార్కు బెంచీ దగ్గర ఎర్నెస్తోకి ఒక కాగితం ఇవ్వాలి, ఇంటికొచ్చేయాలి.

ఎర్నెస్తోది చిలీ దేశం. ఈయనలాగే కూతురి దగ్గరుంటాడు. ఆయనకొచ్చింది స్పానిషు, ఈయనకొచ్చింది తెలుగు. అయినా ఎనిమిది నెలలుగా ఇద్దరూ ఆ బెంచీ మీద కూచుని వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నారు. ఇంట్లోవాళ్లు ఏడింటికల్లా కార్లెక్కి పోతే, ఇక ఈయన పక్కన కూచునే మనిషి ఆయనొక్కడే. ఆయన కూడా ఇవాళ ఇల్లు ఖాళీ చేసి ఎక్కడో దూరాన ఉన్న పామర్‌స్టన్ నార్త్ ఊరికి వెళ్లిపోతున్నాడు.

మనవరాలు కీర్తన యూనివర్సిటీలో స్పానిషు చదువుతోంది. కాగితం దాని చేతే రాయించాడు.

"మీతో మాటామంతీ ఇలాగే ఉండాలని నా కోరిక అని రాయమ్మా. నువ్వు అనకు, మీరు అను."

"ఉస్తెద్ అంటే మీరే తాతయ్యా. చాలా పొలైట్. కింద మన ఫోన్ నంబర్ కూడా వేశా."

అంత మంచి మాట ఉత్తి కాగితం మీద ఇవ్వడానికి ఆయనకి మనసొప్పలేదు. వంటింట్లోకెళ్లి నాలుగు మూలలా పసుపు అద్దాడు.

బెంచీ మీద గంటసేపు కూచున్నాడు. ఎర్నెస్తో రాలేదు. తాతల నాటి తెలుగు ఇంకా మర్చిపోని ఫిజీ కామిని ఆంటీ మాత్రం వాకింగ్‌కొచ్చింది. ఆవిడ చూపు తిన్నగా పసుపు మీద పడింది.

"ఎవరికి అంకుల్ ఇది?"

"ఎర్నెస్తో గారింటికమ్మా."

"ఎవరు రాశారు?"

"మా కీర్తనే. ఇవాళ ఇవ్వకపోతే వాళ్లు మళ్లీ దొరకరు."

ఈయన కళ్లలో నీళ్లు చూసి ఆవిడకి అంతా అర్థమైపోయింది. "బాధపడకండి అంకుల్. ఈ రోజుల్లో పిల్లల ఇష్టమే మన ఇష్టం" అని గబగబా వెళ్లిపోయింది.

పదింటికి కూతురు రమామణి ఆఫీసు నుంచి ఊడిపడింది.

"నాన్నా, కీర్తనకి చిలీ సంబంధం ఎప్పుడు కుదిర్చారు? నలుగురు ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పారు."

"సంబంధమేంటే?"

"కామిని ఆంటీ వాళ్లు లడ్డూలు పట్టుకుని పెళ్లికొడుకుని చూడ్డానికెళ్లారు. మీరు ముందు కారెక్కండి."

వీళ్లు ఎర్నెస్తో ఇంటికి వెళ్లేసరికి ముగ్గురు ఆంటీలు పెళ్లికొడుకుని పట్టేశారు. సామాను మోస్తున్న ట్రక్కు డ్రైవరు. నిక్కరేసుకున్న కివీ, అంటే ఈ దేశపు తెల్లాయన, నలభై దాటుంటాయి. నుదుటి మీద బొట్టు, రెండు చేతుల్లో రెండు లడ్డూలు.

"మనిషి పొడుగే. వయసే కాస్త ముదురు" అంటోంది కామిని ఆంటీ.

ఆ లడ్డూలు రుచిగా ఉండబట్టి అతను పని ఆపాడు. లేకపోతే ట్రక్కు ఎప్పుడో వెళ్లిపోయేది.

వీరభద్రం గారు ఎవర్నీ పట్టించుకోలేదు. అట్టపెట్టెల మధ్య నించున్న ఎర్నెస్తోకి కాగితం రెండు చేతులా ఇచ్చాడు. ఆయన కళ్లజోడు ఏ పెట్టెలో ఉందో. కాగితం తన కూతురి చేతికిచ్చాడు. ఆవిడ పైకి చదివింది, "మే గుస్తారీయ సెగీర్ ఎన్ కొంతాక్తో కొన్ ఉస్తెద్." అందరి కోసం ఇంగ్లీషులో కూడా చెప్పి, కాగితం మడిచి తండ్రి జేబులో పెట్టింది.

ఎర్నెస్తో ఈయన్ని వాటేసుకుని ఏదో చాలాసేపు చెప్పాడు. ఈయన "అలాగే, అలాగే" అన్నాడు. తిట్టడానికొచ్చిన రమామణి తలొంచుకుంది. తండ్రితో తను మాటామంతీ ఆడి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకుంటున్నట్టుంది.

"అయితే పెళ్లి లేదా?" అంది కామిని ఆంటీ. డ్రైవరు వైపు చూసి, "ఇతనికి పెళ్లయిందా?" అంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే పామర్‌స్టన్ నార్త్ నుంచి ఫోనొస్తుంది. ఆయన స్పానిషులో, ఈయన తెలుగులో, గంటకి తక్కువ మాట్లాడరు. ఇక ఉంటానని మర్యాదగా ఎలా చెప్పాలో ఇద్దరికీ తెలీదు.