నెహెమ్యా పిడికిలి

ఆ ఆదివారం రాహేలు అనుకున్నది పెద్ద పనేమీ కాదు. ఆరాధన కాగానే ఇంటికొచ్చి, నాలుగు జొన్నరొట్టెలు కాల్చి, మొగుడికింత పెట్టి, తానింత తిని నడుం వాల్చాలనుకుంది. గుడి ఆవరణలో నర్సు తబితా పెట్టిన ఉచిత వైద్య పరీక్ష దానికి అడ్డొచ్చింది.

ఆమె మొగుడు నెహెమ్యా కౌల్ బజార్‌లో నలభై ఏళ్లు బియ్యం మూటలు మోసిన మనిషి. ఇప్పుడు సంఘపెద్ద. గుడి వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లందరికీ చేయి కలిపి వందనాలు చెప్తాడు. వెనకటికోసారి పాస్టరమ్మగారికి అలాగే చేయి కలిపితే, ఆవిడ ఉంగరాన్ని కంసాలి కోసి తీయాల్సి వచ్చింది. "కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవయ్యా" అని అప్పటినుంచి రాహేలు పోరుతూనే ఉంది.

తబితా చేతిలో పిడి ఉన్న మిషనొకటి ఉంది. పిండితే అంకె పడుతుంది.

"గట్టిగా పిండు పెద్దనాయనా" అంది తబితా.

వెనకనుంచి రాహేలు గొణిగింది. "మెత్తగా. ఊరోళ్ల సామాను. ఇరగ్గొడితే యాడ తెచ్చిస్తాం?"

నెహెమ్యా పెళ్లాం మాట విన్నాడు. పన్నెండు పడింది.

తబితా మొహం మారింది. "పిడికిట్లో బలం ఇంత తక్కువుంటే గుండె కూడా చూపించుకోవాల పెద్దనాయనా. కండ బలానికీ గుండెకీ లంకె ఉండాది. రేపు ఆసుపత్రికి పో."

ఆ మాట గుడి గేటు దాటేసరికి గుండె చెడిందని అయింది. సందు చివరికి చేరేసరికి ఈ వారం దాటడని అయింది. ఆ చివరి మాటే తిరిగి నెహెమ్యా చెవిన పడింది. ఇంటికొచ్చి మంచమెక్కాడు.

"ఆ చెంబు నువ్వే ఎత్తి తాపియ్యే రాహేలూ. నాతో కాదు."

క్వింటాలు మూట మోసినవాడు చెంబెత్తలేనంటే రాహేలు పెనం వదిలొచ్చి చెంబు అతని నోటికి అందించింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం కళ్లముందు తిరిగింది. పెనం మీద రొట్టె మాడిపోయింది.

గుడిలో పాటలు పాడే ఆటో డ్రైవరు విజయ్ కుమార్ పలకరించడానికొచ్చాడు.

"నేను గుడికేసుకునే నల్లకోటు నువ్వు తీసుకో విజయా. పోయేటోనికి కోటెందుకు?"

"అట్లనొద్దన్నా" అంటూనే విజయ్ కుమార్ కోటు వేసుకుని చేతుల పొడవు చూసుకున్నాడు.

సోమవారం పొద్దున అతని ఆటోలోనే బయల్దేరారు. బజారు మలుపులో వెనక చక్రం మురుగు మోరీలో దిగబడింది. విజయ్ కుమార్, బజారులోని ఇద్దరు హమాలీలు ఎంత తోసినా కదల్లేదు. రాహేలు లోపలే కూర్చుని, ఆయన ప్రాణం దారిలోనే పోతుందని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. వాళ్లు తోసే తీరు నెహెమ్యా చూడలేకపోయాడు.

"అది తోసేది కాదప్పా, ఎత్తేది. స్వల్ప జరగండి."

దిగి, రాహేలుతో సహా ఆటో వెనక భాగాన్ని ఎత్తి రోడ్డు మీద పెట్టాడు. తర్వాత తన పరిస్థితి గుర్తొచ్చి, గుండె పట్టుకుని మళ్లీ సీట్లో ఒరిగాడు.

రాహేలు ఏడుపు ఆపి ఆ చేతుల వంక చూసింది. "ఏమయ్యా, నిన్న ఆ మిషను ఎట్ల పట్టుకుంటివి?"

"నువ్వు చెప్పినట్లే."

ఆసుపత్రిలో అలాంటి మిషనే నలభై ఒకటి చూపించింది. గుండె కూడా దివ్యంగా ఉందన్నాడు డాక్టరు. మరి నిన్న పన్నెండెందుకు పడిందని అడిగితే, రాహేలు తలెత్తి ఫ్యాను వంక చూస్తూ కూర్చుంది.

కోటు సంగతే మిగిలింది. ఆదివారం సాయంత్రమే విజయ్ కుమార్ దాన్ని దర్జీకిచ్చి చేతులు జానెడు కత్తిరింపించేశాడు.

మళ్లీ ఆదివారం నెహెమ్యా ఉత్త చొక్కాతో గుడి వాకిట్లో నిలబడ్డాడు. నల్లకోటు వేసుకుని విజయ్ కుమార్ వచ్చి చేయి చాచాడు. వెనకున్న రాహేలు ఈసారి ఏమీ గొణగలేదు.

ఆ పూట విజయ్ కుమార్ కీర్తనల పుస్తకం ఎడమ చేత్తో పట్టుకుని పాడాడు.