శూన్య ఫలిత ధ్రువపత్రం

తమ విషయం మీద ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ ఏమీ రాయలేదని నిరూపించినవారే ఇకపై పరిశోధనకు అర్హులని విశ్వవిద్యాలయం ఉత్తర్వు జారీ చేసింది. నిరూపించడం సులువే. గ్రంథాలయం కంప్యూటర్లో కీలక పదాలు కొట్టాలి, సున్నా ఫలితాలు రావాలి. ఆ సున్నాను లైబ్రేరియన్ గారు కళ్లారా చూసి, గుండ్రటి ముద్ర వేసి, శూన్య ఫలిత ధ్రువపత్రం ఇస్తారు. జ్ఞానాన్ని ఇంత శుభ్రంగా కొలిచే సాధనం అంతకుముందు ఎవరి దగ్గరా లేదు.

మన పరిశోధకురాలు పిండిమర నడిపే ఆయన కూతురు. ముప్పై ఏళ్లుగా పిండి దుమ్ములో నిలబడ్డ నాన్న ఏ మాటా దగ్గకుండా పూర్తిచేయలేడు. ఆ దగ్గు ఎందుకొస్తుందో, ఎలా పోతుందో తేల్చాలని ఆమె పరిశోధనలో చేరింది. ఇలాంటి సొంత కారణాలతో చేరేవాళ్లు మొదట్లో కాస్త ఇబ్బంది పడతారు.

మొదటి రోజే అమాయకంగా "పిండిమర దగ్గు" అని కొట్టింది. నలభై ఒక్క ఫలితాలు వచ్చాయి. అన్నిటికంటే పైనున్నది పదకొండేళ్ల కిందట తన విభాగంలోనే, తన గైడు గారి పర్యవేక్షణలోనే తయారైన సిద్ధాంత గ్రంథం. సంతోషం పట్టలేక గైడు గారి గదికి పరుగెత్తింది.

"తెరిచావా?" అన్నారాయన, ముఖం పాలిపోయి.

"లేదు సార్. ముందు మీకు చెబుదామని వచ్చాను."

"బతికించావు. తెరిస్తే నీ పేరు నమోదవుతుంది. తర్వాత చూడలేదని చెప్పడానికి ఉండదు. అయినా, జనానికి అర్థమయ్యే మాటలతో వెతకమని నీకెవరు చెప్పారమ్మా?"

ఆ తర్వాత ఆయన చిన్న ఉపన్యాసం ఇచ్చారు. "దొరికే పదాలు ఎవరైనా కొడతారు. దొరకనివ్వని పదాన్ని ఎంచుకోవడానికి సాధన కావాలి. నేను ఇరవై ఆరేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. ఇంతవరకూ నాకు ఏమీ దొరకలేదు."

సాధన మొదలైంది. పిండి కాస్తా ధాన్యచూర్ణం అయ్యేసరికి ఫలితాలు పందొమ్మిదికి దిగాయి. దగ్గును "కంఠోద్గత వాయుస్ఫోటం" అన్నాక మూడే మిగిలాయి. మరను "యాంత్రిక చూర్ణీకరణ సందర్భం" చేశాక ఒక్కటంటే ఒక్కటి మొండికేసి కూర్చుంది. చూస్తే అది గైడు గారి సొంత వ్యాసమే. తన వ్యాసాన్ని తప్పించగల పదాన్ని కూడా ఆయనే స్వయంగా అందించారు. అంతటి నిస్వార్థం ఈ రోజుల్లో ఎక్కడుంది? సున్నా వచ్చింది. లైబ్రేరియన్ గారు లేచి నిలబడి మరీ ముద్ర వేశారు.

నాలుగేళ్లలో మూడు వందల పేజీలు తయారయ్యాయి. "ఈ అంశంపై మరింత పరిశోధన అవసరం" అన్న ముగింపు వాక్యాన్ని పరీక్షకులు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. డాక్టరేటు వచ్చింది. కొత్త పరిశోధకులకు "సమర్థమైన కీలక పదాల ఎంపిక" బోధించే ఉద్యోగం కూడా వచ్చింది. నాన్న పట్టాకీ ధ్రువపత్రానికీ అద్దాలు కట్టించి మరలో పక్కపక్కనే తగిలించాడు.

పట్టా చేతికొచ్చాక ఇంక భయమేముందని, ఒక మధ్యాహ్నం ఆమె మళ్లీ ఆ రెండు మాటలే కొట్టింది. అవే నలభై ఒకటి. తన గ్రంథం వాటిలో లేదు, ఉండదు కూడా. మొదటిదాన్ని తెరిచింది. చివరి పేజీలో మూడు వాక్యాలున్నాయి. మరకు ఎదురుగోడలో, నేలకు మూరెడు ఎత్తున కిటికీ పెట్టించండి. దుమ్ము బయటికి పోతుంది. తాపీమేస్త్రీకి సగం రోజు పని. అడుగున చిన్న అక్షరాల్లో "ఇంతవరకు తెరిచినవారు: 1" అని ఉంది. ఆ ఒక్కరూ తనే.

కిటికీ పెట్టించింది. మూడో నెలలో ఒకరోజు నాన్న ఎవరితోనో మొదలుపెట్టిన మాటను ఆగకుండా చివరిదాకా చెప్పాడు. ఆమె గోడవైపు తిరిగి ఏడ్చింది. ఐదేళ్ల కిందటే తెరిచి ఉంటే ఐదేళ్ల దగ్గు తప్పేది.

ఆ వారమే నాన్న స్నేహితుడొకాయన మరకు వచ్చాడు. పెద్ద మరలో కూలీ, నాన్నకంటే ఎక్కువ దగ్గుతాడు.

"మా యజమానిని కిటికీ అడిగానమ్మా. ఇలా చెయ్యాలని ఎక్కడైనా రాసుంటే చూపించు, రేపే కొట్టిస్తానన్నాడు. నువ్వు చదువుకున్నదానివి. ఎక్కడైనా రాసుందా?"

ఆమె నోరు తెరిచింది. ఆయన తల పైన రెండు అద్దాలూ కనిపించాయి. ఉందంటే ధ్రువపత్రం అబద్ధమవుతుంది, దాన్ని చూసి ఇచ్చిన పట్టా కూడా పోతుంది. సోమవారం కొత్త పరిశోధకులకు తన తరగతి మొదలు.

"చెప్పు తల్లీ," అన్నాడు నాన్న గర్వంగా, దగ్గకుండా.

"లేదు బాబాయ్. ఎక్కడా లేదు."

ఆయన వెనక్కి తిరిగి, తలెత్తి ధ్రువపత్రంలోని గుండ్రటి ముద్రను కాసేపు గౌరవంగా చూశాడు.

"నిజమేలే, ముద్ర కూడా ఉందిగా," అని దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.