బాగుండావా అప్పా పథకం

"వంద రోజుల తర్వాత మన నియోజకవర్గంలో ఏ మాజీ సైనికుడికీ చావాలన్న ఆలోచన రాదు. రానివ్వం. ఇది నా హామీ" అని మంత్రి రాఘవేంద్రప్రసాద్ గారు నందికొట్కూరు సభలో ప్రకటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మైకు నాదే. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో మైకుసెట్లు అద్దెకిస్తున్నాను. ఎందరో నాయకుల గొంతులు విన్నాను గానీ, ఆలోచనల్ని కూడా నిషేధించే దమ్మున్న గొంతు వినడం అదే మొదలు. ఆ ఆనందంలో వాల్యూమ్ ఒక గీత పెంచాను.

పథకం కోసం మనోవైద్యుడు ఒకాయన ఇరవై ఏడు ప్రశ్నల ఫారం తయారుచేశారు. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, బతుకు మీద విసుగు పుడుతోందా, ఇలా. మంత్రిగారు రెండో పేజీ తిప్పలేదు.

"ఇదంతా ఇంగ్లీషు రోగమప్పా. మన సీమోనికి మన భాషలో ఒక్క ప్రశ్న చాలు. బాగుండావా అప్పా? అంతే."

పక్కనున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పథకానికి కూడా అదే పేరు ఖాయం చేశారు.

సర్వే బాధ్యత సైనిక సంక్షేమ ఆఫీసు సూపరింటెండెంట్ బసవరాజు గారికి అప్పగించారు. ఆయనా పద్దెనిమిదేళ్లు సైన్యంలో చేసి వచ్చినవారే, డిసిప్లిన్ తప్పరు. ఆయన మనుషులు బైకులేసుకుని నాలుగు వందల పన్నెండు మంది మాజీ సైనికుల ఇళ్లకు పోయి ఆ ప్రశ్న అడిగారు. మా సీమలో ఈ ప్రశ్నకు జవాబు మనిషి పుట్టకముందే ఖరారై ఉంటుంది. సెలైన్ ఎక్కుతున్నవాణ్ణి అడిగినా "బాగుండా, నువ్వు బాగుండావా, కాఫీ తాగి పో" అంటాడు. నాలుగు వందల పన్నెండు మందీ అదే అన్నారు. సర్వేవాళ్లు దొరికిన చోటల్లా కాఫీ తాగారు. ఫలితం నూటికి నూరు శాతం. ఇంత ఆరోగ్యవంతులున్న చోట డాక్టరెందుకని మనోవైద్యుడి పోస్టును ప్రభుత్వానికి తిప్పి పంపారు.

ఆ వారమే నాగక్క ఆఫీసుకొచ్చింది. ఆమె భర్త వీరభద్ర రిటైరైన హవల్దారు. నేను స్పీకరు కట్టడానికి పోయి అక్కడే ఉన్నాను.

"సారూ, మా ఆయప్ప సరిగ్గా నిద్రపోయి నెలయింది. ఎవురితో మాట్లాడడు. నేను లేకుంటే నీకు నిమ్మళం అంటాండాడు. నాకు శానా భయంగా ఉండాది. ఆ డాక్టరు సారు యాడుండాడు?"

బసవరాజు గారు రిజిస్టరు తెరిచారు. "వీరభద్ర, హవల్దార్. బాగుండా అన్నాడు. సంతకం కూడా పెట్టినాడు కదమ్మా."

"ఎవురడిగినా అట్లే అంటాడు గదా సారూ."

"ఆయన బాగుండా అంటాడు, నువ్వు లేదంటాండావు. ఆయన సంగతి ఆయనకు తెలుసా, నీకు తెలుసా?"

"నాకే తెలుసు."

"ఫారంలో భార్యకు కాలమ్ లేదమ్మా" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

నాగక్క వెళ్లిపోయింది. ఆమె చెప్పిందే నిజమని నాకూ అనిపించింది. కానీ స్పీకరు కట్టేవాడికీ కాలమ్ లేదు.

వందో రోజు విజయోత్సవ సభ. బాగున్నవాళ్లందరి తరఫున శాలువా కప్పించుకోవడానికి వీరభద్రనే ఎంపిక చేశారు. రిజిస్టరులో అతని సంతకం అందరికంటే గుండ్రంగా ఉందట. మంత్రిగారు శాలువా కప్పి, మైకు అతని నోటి దగ్గర పెట్టి, "ఏమప్పా వీరభద్రా, బాగుండావా?" అని ఆప్యాయంగా అడిగారు.

అతను మంత్రిగారిని చూడలేదు. ముందు వరుసలో ఉన్న నాగక్కను చూశాడు.

"లేను సార్" అన్నాడు. "బాగలేను. బతకాలని లేదు. ఎవురితోనన్నా మాట్లాడాల."

మైకు కట్టేయమని బసవరాజు గారు నాకు చేయి ఊపారు. ఇరవై ఏళ్లలో మొదటిసారి నాకు స్విచ్చు కనపడలేదు.

"సైనికుల హాస్యం ఇట్లే ఉంటాది" అన్నారు మంత్రిగారు తేరుకుని. చప్పట్లు కూడా పడ్డాయి. ఇంతలో వెనక కుర్చీల్లోంచి పరమేష్ అనే పాత సుబేదారు లేచి "నేనూ బాగలేనప్పా" అన్నాడు. తర్వాత ఇంకొకాయన లేచాడు. వీరభద్రతో కలిపి పదకొండు మంది. బసవరాజు గారు పరుగున పోయి పదకొండు పేర్లూ రాసుకున్నారు. ప్రభుత్వం ఇంత చురుగ్గా కదలడం చూసి నాకు ముచ్చటేసింది.

మూడో రోజు ప్రకటన వచ్చింది. ఆ పదకొండు మందీ పథకం నిబంధనల కిందికి రారని విచారణలో తేలిందట. అందువల్ల జాబితాలోంచి తొలగించారట. మిగిలిన నాలుగు వందల ఒక్క మందీ నూటికి నూరు శాతం బాగున్నారు. పథకాన్ని రాష్ట్ర అవార్డుకు సిఫారసు చేశారు.

నాగక్క భర్తను బస్సెక్కించి కర్నూలు తీసుకుపోయింది. అక్కడ డాక్టరు మందులిచ్చి, ఒంటరిగా వదలొద్దు, నలుగురితో మాట్లాడనివ్వండి అన్నాడట. అందుకని ఆదివారం పొద్దున ఆ పదకొండు మందీ మా మైకుల షాపులో కూర్చుంటున్నారు. ఒకరు చెప్తుంటే మిగిలినవాళ్లు వింటారు. వీరభద్ర ఇప్పుడు కాస్త నిద్రపోతున్నాడని నాగక్క చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మొన్న ఆదివారం బసవరాజు గారు వచ్చారు. లోపలున్నవాళ్లు ముందు ఆయన చేతి వైపు చూశారు. ఆయన చేతిలో రిజిస్టరు లేదు. చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడ్డారు. నేను కుర్చీ జరిపి, మర్యాద కోసం నోరు తెరవబోయాను.

"నన్ను అడగొద్దప్పా" అన్నారాయన. "అడిగితే బాగుండా అనేస్తా."